అంగుళానికి మైలు

నేను రెండు గుట్టలనూ వాటి నడుమనున్న లోయనూ కత్తెరతో కోసేశాను. తెలిసి చేసిన పని కాదు. తెలియక చేసిన తప్పుకు తిట్టడానికి ఇంకో మనిషి దొరకడు, అందుకని నన్ను నేనే చాలా రోజులు తిట్టుకున్నాను. ఇతరులను తిట్టడంలో నాకున్న అనుభవమంతా అప్పుడు పనికొచ్చింది.

శాలిబండలో మా ఇంటి ముందు గదే నా దుకాణం. పాతికేండ్లుగా అక్కడే కూర్చుని జాకెట్లు కుడుతున్నాను. ఎప్పుడూ వచ్చేవాళ్లకు ఒక్కొక్కరికీ కాయితం మీద కొలత కోసి పెట్టుకుంటాను. వెనుక భాగం, ముందు భాగం, చేయి. వాటిని గుడ్డ మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కోస్తే సరి. మళ్లీ మళ్లీ టేపు పట్టుకొని మనిషి చుట్టూ తిరగనక్కర్లేదు. దీనికి మంచి కాయితం కావాలి. న్యూస్‌పేపర్ నాలుగు వాడకాలకే చినుగుతుంది. ఖాకీ కాయితం చుట్టుకుపోతుంది. అందుకే మా సందు చివర పాత రద్దీ కాయితాలు కొనే భాయ్‌కి చెప్పి పెట్టాను, దిట్టమైన కాయితం వస్తే ముందు నాకే చూపించమని.

మొన్నటి ఎండాకాలంలో ఆయన ఒక చుట్ట తెచ్చి నా మిషను మీద పెట్టాడు. "బాజీ, ఏ దేఖో. కపడే కే జైసా కాగజ్. ఏదో ఆఫీసు ఖాళీ జేసిన్రట, మస్తుగున్నది" అన్నాడు. నిజంగానే గుడ్డలా ఉంది. మడిస్తే విరగలేదు, గోటితో గీరితే లేవలేదు. వెనుక తెల్లగా ఉంది. ముందు వైపంతా గోధుమరంగు గీతలు. ఒకదాని పక్కన ఒకటి వంకర్లు తిరుగుతూ పోతున్నాయి, కాని ఎక్కడా ఒకదాన్నొకటి దాటవు. నడుమ నడుమ నీలి గీతలు, ఆకుపచ్చ మరకలు, చీమతలంత నల్ల చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలు. మ్యాపని తెలుసు. నేను పుట్టకముందే అచ్చయిన మ్యాపని కూడా అంచున చూశాను. పదో తరగతి తెలుగులో చదివినదాన్ని, ఇంగ్లీషు కూడబలుక్కోగలను. కాని పెండ్లిళ్ల సీజన్లో కూడబలుక్కునే తీరిక ఎవరికుంది? నాకు కావలసింది వెనుకనున్న తెల్లదనం.

ఆ వారమే గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు అమ్మే ఆమె వచ్చింది. కూతురి పెండ్లి. తల్లికే జాకెట్ వెనుక మెడ లోతుగా కావాలట. నేను వేలు పెట్టి చూపిస్తే, "ఇంక కిందికి అక్కా" అంది. ఇంకొంచెం దించాను. "ఇంక జర కిందికి."

"ఇంక కిందికి పోతె దాన్ని మెడ అనరమ్మా, నడుమంటరు" అన్నాను.

ఆమె నవ్వింది కాని తగ్గలేదు. లోతు ఎనిమిది అంగుళాలు, వెడల్పు ఆరు. మ్యాపును సగానికి మడిచి వెనుక భాగం కోశాను, మెడ తవ్వాను. తవ్విన ముక్క చాటంత ఉంది, అది పక్కనున్న బుట్టలో పడింది. ఆ బుట్టలో ముక్కలేవీ పారేయను. కొత్తగా వచ్చినవాళ్ల కొలతలు వాటి వెనుక రాసి, గుండుసూదితో వాళ్ల గుడ్డకే గుచ్చి పెడతాను. చిట్టీ గుడ్డతోనే ఉంటే ఒకరి కొలత ఇంకొకరికి పోదు. ఇంత తెలివైన పద్ధతి ఇంకెవరికీ లేదని అప్పటివరకు అనుకునేదాన్ని.

మా అత్త నా పక్కనే పీట మీద కూర్చుని హుక్కులు కుడుతుంది, కాజాలు వేస్తుంది. డెబ్బై దాటి నాలుగైదేండ్లయి ఉంటాయి. అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం నాకంటే ముందే ఎక్కిస్తుంది. చదువు రాదు. మోకాళ్లు మాత్రం పీట మీద నుంచి లేచిన ప్రతిసారీ ఆమెతో లొల్లి పెట్టుకుంటాయి.

రెండు మూడు నెలలు పోయాక ఒక రోజు మధ్యాహ్నం మా ఆయన అన్నం కోసం వచ్చి నిలబడ్డాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఖాళీగా ఉన్న మనిషి కదా, మేకుకు తగిలించిన ఆ పూలామె వెనుక భాగాన్ని తీసి, కిటికీ వెలుగుకు పట్టి, మ్యాపు మీది ఇంగ్లీషు పేర్లు పైకి చదవడం మొదలుపెట్టాడు. నాకు రాని ఇంగ్లీషు ఆయనకు వచ్చని నాకు గుర్తు చేయడమే అందులో ఉద్దేశం. నేను పట్టించుకోలేదు. ఆయన నాలుగు పేర్లు చదివాడు. ఐదోది చదవగానే మా అత్త చేతిలో సూది ఆగింది.

"ఏందీ? మల్ల సదువు" అంది.

మళ్లీ చదివాడు. అది ఒక ఊరి పేరు.

"గా ఊరి అంగడికే మా అవ్వ నన్ను సంకనేసుకొని పోతుండె. దాని పక్కపొంటి చూడుర. గుట్టెక్కి దిగితె మా ఊరు. చూడు."

మా ఆయన ఆ పేరు మీద వేలు పెట్టి, నెమ్మదిగా పక్కకు జరిపాడు. గోధుమ గీతలు దగ్గర దగ్గరగా వచ్చాయి, ఇంకా దగ్గరయ్యాయి. తర్వాత ఆయన వేలు మెడ ఖాళీలోంచి ఇవతలికి వచ్చింది. అక్కడ కాయితం లేదు.

"ఏమైందిర?" అంది అత్త.

ఆయన నా వైపు చూశాడు. నేను కత్తెర వైపు చూశాను.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి. ఆమెకు ఏడో ఏట ఆ అవ్వ, అంటే తల్లి, పోయింది. అదే ఏడు వానల్లేక ఊరు ఊరంతా లేచిపోయిందట. తండ్రి ఆమెను తీసుకొని హైదరాబాద్ వచ్చి బేగంబజార్‌లో మూటలు మోశాడు. ఆమె పెండ్లి కాగానే ఆయన కూడా పోయాడు. అన్నదమ్ములు లేరు, మేనమామలు ఎక్కడున్నారో తెలియదు. మా వైపు పెండ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు కొన్నేండ్లకొకసారి పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ కొంగులో పోసి పంపుతారు. అది అందుకొని వచ్చిన ఆడది అత్తగారి వాకిట్లోకి ఎలా నడిచి వస్తుందో చూడాలి! మా అత్తకు ఒక్కసారి కూడా ఎవరూ పోయలేదు. మా ఊరు రెండు గుట్టల నడుమ ఉండె అని చెబితే, ఆ పేరు గల ఊరే లేదనేవాళ్లు మా మామ వైపువాళ్లు. ఊరు లేని పిల్లను చేసుకున్నామని ఎగతాళి చేసేవాళ్లు. మా ఆయన ఫోన్లో కూడా వెతికాడు ఒకసారి. ఏమీ రాలేదు.

ఎగతాళి చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. నా పెండ్లయిన రెండో ఏడు, నేను పుట్టింటికి పోతానంటే, ఇంట్లో పని ఎవరు చేస్తారని ఆమె అడ్డం పడింది. నాకు ఒళ్లు మండింది. "నీకు పుట్టిల్లుంటె గద, పుట్టింటి బాధ తెల్వనీకి" అన్నాను. ఆమె నాతో దెబ్బకు దెబ్బ మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం ఒక్క మాట అనలేదు. చాటలో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆ మాట అని ముప్పై ఏండ్లయింది. నేను ఎన్నడూ దాన్ని వెనక్కి తీసుకోలేదు, ఆమె ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. "గది యాడున్నదో చూడుండ్రి. నేను పుట్టిన జాగ ఒకటున్నదని ఈ కండ్లతోని ఒక్కపారి చూస్త. మోకాళ్లు ఈ ఏడన్న కదులుతున్నయి. వచ్చే ఏడు నా తోటి రావు."

బుట్ట బోర్లించాను. చేతి గుండ్రాల ముక్కలున్నాయి, భుజం ముక్కలున్నాయి, చాటంత మెడ ముక్క లేదు. మిషను కింద వెతికాను, బీరువా వెనుక వెతికాను. చివరికి గుర్తొచ్చింది. గుర్తొచ్చాక మతిపోయింది.

ఆ మెడ కోసిన రెండు రోజులకే, బేగంబజార్‌లో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణంవాళ్ల కోడలు ఐదు గుడ్డలు తెచ్చింది. కొత్త గిరాకీ కదా అని పెద్ద ముక్క ఏరి, దాని వెనుక ఆమె కొలతలన్నీ వివరంగా రాశాను. ఎనిమిది రోజుల్లో కావాలంది, పదిహేను రోజులు పడుతుందన్నాను. మూతి ముడిచి గుడ్డలన్నీ సంచిలో వేసుకొని పోయింది. చిట్టీ గుడ్డకే గుచ్చి ఉంది. అంటే నేను కష్టపడి తీసిన కొలతలు, నా చిట్టీతో సహా, ఇంకో టైలరుకు పోయాయి! ఆ రోజు ఆమెను ఎంత తిట్టానో మా సందంతా విన్నది.

ఫోన్ చేశాను. కొంచెం సిగ్గుపడుతూనే చెప్పింది, వాళ్ల దుకాణం వెనుక గల్లీలో ఒక మాస్టర్‌కి ఇచ్చిందట.

ఇంకో టైలరు దగ్గరికి పోయి, నా గిరాకీ నీ దగ్గరికి తెచ్చిన చిట్టీ ఇవ్వమని అడగడం ఎంత నామోషీయో టైలర్లకే తెలుస్తుంది. షేర్ ఆటోలో పోతున్నంతసేపూ ఏం చెప్పాలో కూడబెట్టుకున్నాను. మాస్టర్ అరవై దాటిన మనిషి, మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. ఆ కోడలు ముందే ఫోన్ చేసి చెప్పినట్టుంది, నన్ను చూడగానే ఎవరో తెలిసిపోయింది ఆయనకు. "ఆయియే బాజీ. తుమారీ కస్టమర్ ఇధర్ ఆయీ బోల్కే లడ్నే కో ఆయే క్యా?" అని నవ్వాడు.

"కొట్లాటకు రాలే భాయ్. చిట్టీ కోసమొచ్చిన. కొలతలు మీరే రాసుకోండి, నాకు వెనుక బొమ్మ గావాలె."

"బొమ్మ?" అన్నాడు. గోడకు ఒక ఇనుప చువ్వ ఉంది, మూడు నెలల చిట్టీలన్నీ దానికి గుచ్చి ఉన్నాయి. ఒక్కొక్కటే తీస్తూ వచ్చాడు. నాది అడుగున ఎక్కడో దొరికింది, నడుమ చువ్వ బెజ్జంతో. తిప్పి చూశాడు. నేను ఎందుకొచ్చానో మొత్తం చెప్పాను. ఆయన నవ్వు ఆపేసి, అద్దాలు సవరించుకొని, చిట్టీని బల్ల మీద పరిచాడు.

పని ఆగిపోయింది, ఇద్దరం వంగి చూడడం మొదలుపెట్టాం. గీతల మీద అక్కడక్కడ అంకెలున్నాయి. పక్క పక్క గీతల్లో అంకె యాభై చొప్పున పెరుగుతూ పోతోంది, ఒకచోటికి చేరాక మళ్లీ తగ్గుతోంది. ఎందుకు పెరుగుతోంది? ఎందుకు తగ్గుతోంది? నేను వేలితో ఒక గీత పట్టుకొని పోయాను, అది చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చింది.

"బాజీ, ఏ తో ఊంచాయీ హై" అన్నాడు మాస్టర్ ఒక్కసారి. "ఎత్తు. ఒక్క గీత మీద ఉన్నదంత ఒక్క ఎత్తు. గీతలు దూరం దూరం ఉన్నయంటె సపాటు. దగ్గర దగ్గర ఉన్నయంటె నిలువు. మనం గుడ్డను మడిచి కుట్టి డాట్లు పెడ్తం గద? కాయితం సపాటు, మనిషి సపాటు లేడు. వీళ్లు భూమికి డాట్లు పెట్టిన్రు."

ఒక్కసారి తెలిశాక ఇక ఆ కాయితం కాయితంలా కనబడలేదు. ఇటు ఒక పొడుగాటి గుట్ట వరుస, అటు ఇంకొకటి, నడుమ గీతలు విడివడిన చోట లోయ, లోయ పొడుగునా నీలి వాగు. వాగు పక్కన నల్ల చుక్కలు. లెక్కపెట్టాం. ఆరు. పక్కన చిన్న అక్షరాల్లో పేరు. కూడబలుక్కున్నాను. మా అత్త చెప్పే పేరే.

"ఉంది భాయ్! ఊరుంది!" అని అరిచాను. గల్లీలో పోయేవాళ్లు ఆగి చూశారు.

చిట్టీ నా చేతిలో పెడుతూ మాస్టర్ ఒక మాట అన్నాడు. "టేపు పెట్టి దూరం కొలుస్తరేమో. యాద్ రఖో, పహాడ్ కో కపడా జ్యాదా లగ్తా. గుట్టకు గుడ్డ ఎక్కువ పడ్తది." నేను తల ఊపాను. సంతోషంలో ఉన్న మనిషి తల ఊపితే ఎంత లెక్కో ఆయనకు తెలియదు పాపం.

ఇంటికి వచ్చి, వెనుక భాగాన్ని బల్ల మీద పరిచి, మెడ ముక్కను మెడలో పెట్టాను. అంచుకు అంచు కూర్చుంది. నేను కోసిన కోత కదా, చక్కగానే ఉంటుంది. మా అత్తను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వేలు పట్టుకొని ఆరు చుక్కల మీద పెట్టాను. "ఇవి ఇండ్లు" అన్నాను.

ఆమె ఒక్కో చుక్కనూ వేలితో తడిమింది. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది, అన్నీ నన్ను పరీక్షించే ప్రశ్నలే. "మా వాకిట్లకు పొద్దు ఆలస్యంగ వస్తుండె. ఎందుకో అండ్ల ఉన్నదా?" చూశాను. తూర్పు వైపు గుట్ట గీతలు వెంట్రుకలంత దగ్గరగా ఉన్నాయి. నిలువు గుట్ట. "ఉన్నదత్తా. తూర్పు గుట్ట అడ్డముండె." "మా అవ్వ నీళ్లకు పోతె తొందరగ వస్తుండె, కట్టెలకు పోతె పొద్దంత పడుతుండె." వాగు చుక్కల పక్కనే ఉంది. ఆకుపచ్చ అడవి మాత్రం గుట్ట పైన ఉంది. ఒక్కో జవాబు చెబుతుంటే ఆమె ముఖం చూడాలి! తను కల్పించుకోలేదని ఇన్నేండ్లకు ఒక కాయితం సాక్ష్యం చెబుతోంది.

అప్పుడే ఇంకో సంగతి గుర్తుచేసుకుంది. ఆమె చిన్నగా ఉన్నప్పుడు కొందరు మనుషులు మూడు కాళ్ల బల్ల ఒకటి, పెద్ద గొడుగు ఒకటి మోసుకొని వచ్చారట. గుట్ట మీద గొడుగు కింద నిలబడి రోజంతా చూసేవాళ్లు, గీసేవాళ్లు. పిల్లలను పట్టుకుపోతారని అందరూ ఇండ్లలో దాక్కున్నారు. "మా అవ్వ మాత్రం పోయి వాళ్లకు చల్ల పోసింది. ఎండల మాడుతున్నరు, వాళ్లూ తల్లి కన్నోళ్లే గద అన్నది."

నేనూ మా ఆయనా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఆరు చుక్కలు పెట్టిన చేయి ఆమె తల్లి పోసిన చల్ల తాగిన చేయే కావచ్చు. కాకపోవచ్చు కూడా, ఎవరికి తెలుసు.

ప్రయాణం నేనే ఖాయం చేశాను. మ్యాపు అంచున మా ఆయన చదివాడు, అంగుళానికి ఒక మైలని. అంగుళాలంటే నాకు భయమా? అంగడి ఊరు ఇప్పటికీ ఉంది, ఫోన్లో కూడా ఉంది. అక్కడి నుంచి గుట్ట మీదుగా నేరుగా రెండున్నర అంగుళాలు. వాగు వెంట చుట్టూ తిరిగితే, చంక గుండ్రం కొలిచినట్టు టేపును నిలబెట్టి కొలిచాను, ఐదు అంగుళాల పైన. "గుట్ట మీది నుంచే పోదాం. రెండున్నర మైళ్లే" అన్నాను.

"గీతలు చూసినవా, ఎంత దగ్గరున్నయో" అన్నాడు మా ఆయన.

"అంగుళం అంగుళమే" అన్నాను. ఇంట్లో చివరి మాట నాదే ఉంటుంది, అది నాకు మంచిది కాదని తెలిసి కూడా.

తెల్లవారుతూనే దేవరకొండ బస్సెక్కాం. అక్కడ ఒక ఆటో మాట్లాడుకొని అంగడి ఊరికి, అక్కడి నుంచి గుట్ట మొదటికి. ఆటో అన్నను అక్కడే ఉండమని చెప్పి, మా అత్త చేయి పట్టుకొని ఎక్కడం మొదలుపెట్టాం. మొదటి వంద అడుగులకే నాకు తెలిసిపోయింది. నడిచింది మ్యాపు మీద సూది మొనంత కూడా లేదు, ఎక్కింది మాత్రం మా చార్మినార్ అంత. రాళ్లు, ముళ్లు, జారే మట్టి. మాస్టర్ మాట అప్పుడు చెవిలో మోగింది. ఇరవై ఐదేండ్లుగా సపాటు గుడ్డతో గుండ్రటి మనుషులకు కుడుతున్నదాన్ని, గుట్టను సపాటుగా కొలిచాను! మా అత్త ఒక బండ మీద కూర్చుండిపోయింది. మోకాళ్లు వణుకుతున్నాయి.

"నన్ను ఈడ్నే కూసోబెట్టుండ్రి. మీరు పోయి చూసొచ్చి నాకు చెప్పుండ్రి, చాలు" అంది.

ఇంత దూరం తెచ్చి, నా మూర్ఖత్వంతో ఆమె పుట్టింటిని ఇంకోసారి ఆమెకు లేకుండా చేస్తున్నానా? "నువ్వు లేకుంట మేం పొయ్యి ఏం జేస్తమత్తా" అని ఏడుపు, కోపం కలిసిపోయి అరిచాను. మా ఆయన తల్లిని వీపున ఎక్కించుకొని కిందికి దింపాడు.

ఆటో అన్న మమ్మల్ని చూసి తల కొట్టుకున్నాడు. "గట్లెవరు ఎక్కుతరమ్మా? వాగు పొంటి బండ్ల బాట ఉన్నది గద. ఒక్క మాట అడగొద్దా?"

అడగలేదు. చేతిలో మ్యాపు ఉన్న గర్వం. ఆటో ఎండిన వాగు పక్క నుంచి ఊగుకుంటూ, తూలుకుంటూ ఐదు మైళ్లూ పోయింది. రెండు వైపులా గుట్టలు దగ్గరికి వచ్చాయి. ఒక మలుపు తిరగ్గానే మా అత్త "ఆపు" అంది. ఎవరూ చెప్పలేదు ఆమెకు.

ఊరు లేదు. సీతాఫలం పొదలు, వాటి నడుమ రాళ్ల కుప్పలు. ఆమె నా భుజం పట్టుకొని వాగు దిక్కు నుంచి లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో కుప్ప దగ్గర గడ్డి పక్కకు తొలగించమంది. మా ఆయన కర్రతో తొలగించాడు. కింద పొడుగాటి రాయి, నడుమ అరిగి ఉంది.

"ఇది మా కడప" అంది.

గడప దాటి లోపలికి పోలేదు. దాని మీదే కూర్చుని, అరిగిన చోట అరచేయి పెట్టి, చాలాసేపు రాయిని నిమురుతూ ఉండిపోయింది. తూర్పు గుట్ట వైపు చూసింది. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను.

తర్వాత నా సంచి విప్పాను. ఆమెకు చెప్పకుండా పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, ఆమె కొలతకు కుట్టిన రవికె తెచ్చాను. "లే అత్తా, కొంగు పట్టు" అన్నాను.

చూసి ఉలిక్కిపడింది. "పిచ్చిదానివా ఏంది? ముండమోసినదానికి ఒడిబియ్యమేందే? మీ మామ పోయిననాడే నాకు గవన్నీ అయిపాయె. నలుగురు వింటె నవ్వుతరు."

"ఈడ నలుగురు యాడున్నరు?"

"నేనున్న గద" అంది. కాసేపు బియ్యం వైపే చూసింది. తర్వాత అడిగింది, "మీ అవ్వ పోయినంక నీకెవరన్న పోసిన్రా?"

మా అమ్మ పోయి పదేండ్లు దాటింది. నాకూ అన్నదమ్ములు లేరు. లేదని తల ఊపాను.

"మరి నువ్వే పట్టు. మా ఇంటికొచ్చినవు, ఉత్త ఒడితోని పంపుతనా?" అంది. అని, మళ్లీ చేయి వెనక్కి తీసుకుంది. "నా చేతితోని పోస్తె నీకు పట్టింపు లేదు గద?"

"పొయ్యత్తా" అన్నాను.

ఆ గడప ముందు మోకాళ్ల మీద కూర్చుని కొంగు పట్టాను. ఐదు దోసిళ్లు పోసింది. కుడుకలు, ఖర్జూరాలు పెట్టింది, తనకు కుట్టిన రవికెను మడిచి పైన పెట్టింది. కూతురిని సాగనంపే తల్లిలా నా తల మీద చేయి పెట్టి, "ఇంటికి పోయి వండుకో. మీ అత్తకు గూడ ఇంత పెట్టు. జర సతాయిస్తదేమో, గని చెడ్డది కాదు" అంది.

నేను ఏడ్చాను. దాచుకోలేదు. "మా అత్త మంచిదే. నా నోరే మంచిది కాదు. గప్పుడు గా మాట నేను అనకుండ ఉండాల్సింది" అన్నాను.

ఏ మాట అని ఆమె అడగలేదు.

"ఎరుకే తియ్" అంది. "లే, బియ్యం ఒలుకుతయి."